12కె ప్రింటర్ ఉంటే డీటెయిల్ వచ్చేస్తుందా? ఆర్ట్స్ కాలేజీ మోడల్ నేర్పిన స్కేల్ లెక్కలు

రెసిన్ 3డి ప్రింటర్ల ప్రకటనలు చూస్తుంటే ఫోన్ కెమెరాల మెగాపిక్సెల్ రేసు గుర్తొస్తోంది. మొన్న 4కె, నిన్న 8కె, ఇప్పుడు 12కె, 16కె. స్కేల్ మోడలింగ్ మొదలుపెడదామనుకునే ఫ్రెండ్స్ నన్ను అడిగే మొదటి ప్రశ్న కూడా అక్కడి నుంచే వస్తుంది: "ఏ ప్రింటర్ కొంటే డీటెయిల్ బాగా వస్తుంది?"

దానికి ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఆ మోడల్‌ని ఎవరు చూస్తారు? ఎంత దూరం నుంచి చూస్తారు? దేంతో చూస్తారు? కంటితోనా, కెమెరాతోనా, చేతివేళ్లతోనా? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే ప్రింటర్ సంగతి కాలిక్యులేటర్‌లో తేలిపోతుంది.

నేను ఓయూలో బీటెక్ చేశాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ జాబ్, తార్నాకలో రూమ్. వీకెండ్ వస్తే టేబుల్ మీద కటింగ్ మ్యాట్ పరుచుకుంటుంది. ఈ మధ్య చేసిన ప్రాజెక్ట్ ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందుభాగం. దాన్ని రెండు రకాలుగా చేశాను: ఒకటి షెల్ఫులో పెట్టి చూసుకోవడానికి, ఇంకోటి చూపు లేని ఒక జూనియర్ చేతికి ఇవ్వడానికి. అదే బిల్డింగ్, అదే ప్రింటర్. కానీ డీటెయిల్ లెక్కలు మాత్రం తలకిందులయ్యాయి. ఎందుకో ఒక్కో స్టెప్పుగా చూద్దాం.

ఈ వింత నంబర్లు ఎక్కడివి?

స్కేల్ 1/72 అంటే అసలు వస్తువులో 72 మి.మీ. ఉన్నది మోడల్‌లో 1 మి.మీ. అవుతుంది. అంతే. మరి గుండ్రంగా 1/50, 1/100 పెట్టుకోకుండా 72, 48, 87, 35 ఏంటి?

చాలావరకు ఇది అంగుళాల కాలం నాటి వారసత్వం. 6 అడుగుల మనిషిని 1 అంగుళం చేస్తే 1/72. 1 అడుగుని పావు అంగుళం చేస్తే 1/48. ఈ రెండూ విమానాల మోడల్స్‌లో బాగా వాడతారు. 72ని రెట్టింపు చేస్తే 144. మనలో చాలామందికి మొదటి కిట్ అయిన గన్‌ప్లా రోబోలలో చిన్న సైజువి ఆ 1/144 స్కేల్‌లోనే వస్తాయి. రైలు మోడల్స్‌లో ఎక్కువగా నడిచే హెచ్‌ఓ స్కేల్‌లో 1 అడుగుకి 3.5 మి.మీ., అంటే దాదాపు 1/87.

1/35 కథ మాత్రం గ్యాడ్జెట్ పిచ్చోళ్లకి బాగా నచ్చుతుంది. 1960ల మొదట్లో జపాన్ కంపెనీ టమియా మోటారుతో నడిచే పాంథర్ ట్యాంక్ కిట్ తయారు చేసింది. లోపల బ్యాటరీలు పట్టాలి కాబట్టి వాటికి సరిపోయేలా ట్యాంక్ సైజు పెట్టుకున్నారు. తర్వాత కొలిచి చూస్తే అది సుమారు 1/35 అని తేలింది. ఈ రోజు ప్రపంచమంతా మిలిటరీ మోడల్స్‌కి అదే స్టాండర్డ్. బ్యాటరీ సైజుని బట్టి డిజైన్ మారడం ఫోన్లతో మొదలవలేదన్నమాట.

స్కేల్ ఎంపికకి మా ఏరియాలోనే ఓ మంచి ఉదాహరణ ఉంది. తార్నాక మీదుగా వెళ్లే మెట్రో బ్లూ లైన్ స్టాండర్డ్ గేజ్, పట్టాల మధ్య 1435 మి.మీ. క్యాంపస్ పక్కనుంచి, ఆర్ట్స్ కాలేజీ పేరుతోనే ఉన్న స్టేషన్ మీదుగా వెళ్లే ఎంఎంటీఎస్ బ్రాడ్ గేజ్, 1676 మి.మీ. ఇప్పుడు షాపుల్లో దొరికే హెచ్‌ఓ ట్రాక్ వెడల్పు 16.5 మి.మీ. 1435ని 87తో భాగిస్తే సరిగ్గా 16.5 వస్తుంది. 1676ని భాగిస్తే 19.3 వస్తుంది. అంటే విదేశీ రైళ్ల కోసం తయారైన రెడీమేడ్ ట్రాక్ మన మెట్రోకి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది, మన ఎంఎంటీఎస్‌కి సరిపోదు. అదే ట్రాక్ మీద ఎంఎంటీఎస్ పెట్టారంటే అసలు రైలు లెక్కలో పట్టాలు దాదాపు 24 సెం.మీ. దగ్గరగా ఉన్నట్టు. తెలిసినవాళ్లు చూడగానే "బండి సన్నపడ్డట్టుంది" అంటారు. కిట్ కొనేముందు ఇలాంటి భాగహారం ఒకటి చేసుకోవడం మంచిది.

ఆర్ట్స్ కాలేజీనే ఎందుకు?

ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైంది. ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934లో శంకుస్థాపన జరిగితే, 1939లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించారు. డిజైన్ చేసింది బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్. అంతకుముందు కైరో దగ్గరి హీలియోపోలిస్‌లో పనిచేసిన మనిషి. గులాబీ రంగు గ్రానైట్, మధ్యలో ఎత్తైన కమాను, దాని ముందు మెట్లు. హైదరాబాద్‌లో ఈ బిల్డింగ్ ముందు ఫొటో దిగని స్టూడెంట్ దొరకడం కష్టం.

ఫొటో సంగతి ఎత్తింది మా జూనియరే. ఎంఏ చదువుతున్నాడు, పుట్టుకతోనే చూపు లేదు. ఓ సాయంత్రం టీ తాగుతూ నా హాబీ గురించి చెప్తుంటే ఇలా అన్నాడు: "అందరు దాని ముంగట ఫొటోలు దిగుతరన్నా. రెండేండ్ల సంది రోజు ఆ మెట్లెక్కుతున్న. గోడ పట్టి చూసిన, స్తంభాలు పట్టి చూసిన. గని మొత్తం బిల్డింగ్ ఎట్లుంటదో నా చేతికి రాలే."

ఆలోచిస్తే చాలా సూటి మాట. కుర్చీ, ఫోన్, స్కూటర్ లాంటివి తడిమి తెలుసుకోవచ్చు. బిల్డింగ్ చేతికి అందదు. దాన్ని అందుబాటులోకి తెచ్చే దారి ఒక్కటే, స్కేల్ మోడల్. ఇటలీలోని అంకోనాలో 1993 నుంచి ముట్టుకుని చూసే ఒమెరో మ్యూజియం నడుస్తోంది. పాంథియాన్, పార్థినాన్ లాంటి కట్టడాల మోడల్స్‌ని అక్కడ చేతులతో చూడొచ్చు. కాబట్టి ఐడియా కొత్తది కాదు. మా బిల్డింగ్‌కి ఒకటి ఉంటే బాగుంటుందని మొదలుపెట్టాం.

కొలతలు: ఫోన్ ఎంతవరకు పనికొస్తుంది?

చాలా పనికొస్తుంది. కాకపోతే ఏ కెమెరా ఎందుకు వాడాలో తెలియాలి.

మొదటిది, వైడ్ లెన్స్‌తో దగ్గర నుంచి తీయొద్దు. పైకి ఎత్తి తీస్తే గోడలు పైన దగ్గరకి వాలినట్టు పడతాయి, ఆ ఫొటో మీద కొలిస్తే పై అంతస్తు కుంచించుకుపోతుంది. ఆర్ట్స్ కాలేజీ ముందు బోలెడంత ఖాళీ ఉంది కాబట్టి బాగా వెనక్కి వెళ్లి టెలిఫొటో లెన్స్‌తో, ఫోన్ నిటారుగా పట్టుకుని తీశాం. మీ ఫోన్‌లో 3ఎక్స్ లేదా 5ఎక్స్ ఆప్టికల్ జూమ్ ఉంటే దాని అసలు ఉపయోగం ఇదే.

రెండోది, ఫొటోలో తెలిసిన కొలత ఒకటి ఉండాలి. ఒక మీటర్ పొడవున్న కర్రకి పది సెంటీమీటర్లకోసారి నలుపు, తెలుపు టేపు చుట్టి గోడకి ఆనించి నిలబెట్టాం. ఆ కర్ర ఎన్ని పిక్సెల్స్ ఉందో చూస్తే అదే గోడ మీదున్న తలుపులు, కిటికీలు లెక్కకొచ్చేస్తాయి. కర్ర గోడకి ఆనుకునే ఉండాలి. పది అడుగుల ముందుకొస్తే లెక్క మారిపోతుంది.

మూడోది ఫొటోగ్రామెట్రీ. ఒక వస్తువుని పక్కపక్కన జరుగుతూ చాలా ఫొటోలు తీస్తే, వాటిలో ఉమ్మడిగా ఉన్న పాయింట్లు పట్టుకుని సాఫ్ట్‌వేర్ 3డి ఆకారం కడుతుంది. ఒక ఫొటోకీ పక్క ఫొటోకీ సుమారు 70 శాతం కలవాలి. మబ్బు పట్టిన రోజైతే నీడల గొడవ ఉండదు. ఎక్స్‌పోజర్ లాక్ చేయాలి. గరుకు గ్రానైట్ దీనికి సూపర్ సబ్జెక్ట్, కిటికీ అద్దాలు మాత్రం గుంతల్లా వస్తాయి. ఫోన్‌లో పాలీక్యామ్, పీసీలో ఫ్రీగా దొరికే మెష్‌రూమ్ రెండూ ఈ పని చేస్తాయి. ఒక్కటి గుర్తుంచుకోండి: ఫొటోలతో మాత్రమే కట్టిన 3డికి ఆకారం తెలుస్తుంది, సైజు తెలియదు. అందుకే అందులోనూ ఆ కర్ర పడాలి.

మరి లైడార్? 2020లో ఐఫోన్ 12 ప్రోతో వచ్చిన ఈ సెన్సర్ రేంజ్ సుమారు 5 మీటర్లు. మెట్లు, స్తంభాల అడుగుభాగం స్కాన్ చేయడానికి బాగుంది. పెద్ద కమాను పైభాగానికి అందదు. అక్కడ పాత టెలిఫొటో పద్ధతే గెలిచింది. డ్రోన్‌కి అనుమతుల పని ఉంటుంది, మేం ఆ జోలికి పోలేదు.

కంటి లెక్క: ఎంత చిన్నది కనిపిస్తుంది?

ఇప్పుడు అసలు విషయం. మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కోణాన్ని విడదీసి చూడగలదు. మోడల్‌ని 30 సెం.మీ. దూరంలో పట్టుకుంటే అది సుమారు 0.09 మి.మీ. అంతకంటే దగ్గరగా ఉన్న రెండు గీతలు ఒకటిగా కలిసిపోతాయి.

నా ప్రింటర్ బెడ్ 22 సెం.మీ. ఉంటుంది. 1/200 తీసుకుంటే దాని మీద 44 మీటర్ల గోడ పడుతుంది. మధ్య కమాను, రెండు పక్కలా కొంత గోడ చేయాలన్న మా ప్లాన్‌కి ఆ స్కేల్ కుదిరింది. ఇప్పుడు 0.09ని 200తో గుణించండి: 18 మి.మీ. అంటే అసలు బిల్డింగ్‌లో 18 మి.మీ. కంటే చిన్న ఆకారం ఈ మోడల్‌లో చేసినా కంటికి విడిగా కనపడదు. 12కె ప్రింటర్ పిక్సెల్ 20 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. 1/200లో అది అసలు బిల్డింగ్ మీద 4 మి.మీ.తో సమానం. కన్ను 18 దగ్గరే ఆగిపోతుంటే 4 వరకు వెళ్లడానికి డబ్బు పెడుతున్నాం. మామూలు ఎఫ్‌డీఎం ప్రింటర్ 0.4 మి.మీ. నాజిల్ 80 మి.మీ.తో సమానం, అది కంటికి కొంచెం మొరటు. 0.2 నాజిల్ వేస్తే 40 మి.మీ. దాంతో బిల్డింగ్ మోడల్ పని హాయిగా అవుతుంది.

అదే 1/35 సైనికుడి ముఖమైతే లెక్క వేరు. అక్కడ కంటి హద్దు 3 మి.మీ. 0.4 నాజిల్ అంటే 14 మి.మీ., కనురెప్పలు, పెదవులు మాయమైపోతాయి. ఆ పనికి రెసిన్ ప్రింటరే కరెక్ట్. అందుకే "ఏది బెస్ట్" అనే ముందు స్కేల్ చెప్పమంటాను.

ఇక్కడో మెలిక ఉంది. మెట్రో పైన కరెంటు తీగ మందం సుమారు 12 మి.మీ. కంటి హద్దు లెక్కన చాలా దూరం నుంచి అది కనపడకూడదు. కానీ ఆకాశం వెనకాల ఉంటే సన్నని గీతలా కనిపిస్తూనే ఉంటుంది. రెండు గీతల్ని విడదీయడం వేరు, ఒక గీత ఉందని పసిగట్టడం వేరు. రెండో పనిలో కన్ను చాలా చురుకు. అందుకే గోడలో రాళ్ల మధ్య అతుకుల్ని మోడల్‌లో గాడిగా చెక్కడం దండగే అయినా, అవి పూర్తిగా లేకపోతే గోడ ప్లాస్టిక్ డబ్బాలా ఉంటుంది. వాటిని పెన్సిల్‌తో పలచగా గీస్తే సరిపోతుంది.

నేను ప్రతి డీటెయిల్‌నీ మూడు గంపల్లో వేస్తాను. కంటి హద్దు కంటే పెద్దదైతే ఆకారంగా చెయ్యాలి. చిన్నదే అయినా రంగులో తేడా చూపిస్తుంటే పెయింట్‌తో తేవాలి. రెండూ కాకపోతే వదిలేయాలి. గ్రానైట్‌లోని గింజలు 1/200లో 0.05 మి.మీ. కూడా ఉండవు కాబట్టి స్పాంజితో చుక్కలు కొట్టే పని పెట్టుకోలేదు. గులాబీ రంగులో కాస్త బూడిద, కాస్త తెలుపు కలిపి, రాయికీ రాయికీ కొద్దిగా షేడ్ మార్చాను. తెలుపు ఎందుకంటే, దూరం నుంచి చూసే బిల్డింగ్ రంగు గాలి పొరల వల్ల పలచబడి కనిపిస్తుంది. అసలు రంగునే చిన్న మోడల్ మీద వేస్తే ముదురుగా, బొమ్మలా ఉంటుంది. మెరుపు కూడా అంతే, పైన మ్యాట్ కోటు తప్పనిసరి.

ఈ మూడు గంపల పద్ధతి మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. కొండపల్లి బొమ్మని దగ్గరగా చూడండి. తేలికైన తెల్ల పొణికి చెక్కతో ఒళ్లు చెక్కుతారు, చింతగింజల జిగురుతో భాగాలు అతుకుతారు, కళ్లూ కనుబొమలూ మాత్రం కుంచెతోనే దిద్దుతారు. బొమ్మల కొలువులో నాలుగడుగుల దూరం నుంచి చూసే బొమ్మకి చెక్కిన కనురెప్పలు అక్కర్లేదని ఆ పనివాళ్లకి తెలుసు.

వేలి లెక్క: ఇక్కడ అన్నీ మారిపోతాయి

జూనియర్ మోడల్‌కి ముందు ఒక టెస్ట్ స్ట్రిప్ ప్రింట్ చేశాను. 0.5 మి.మీ. నుంచి 3 మి.మీ. వరకు రకరకాల ఎడంతో గాళ్లు. 0.5 దగ్గర అతను "గరుకుగ ఉంది" అన్నాడు, ఎన్ని గాళ్లో చెప్పలేకపోయాడు. 1.5 దగ్గర నెమ్మదిగా లెక్కపెట్టాడు. 2.5 దగ్గర టకటకా చెప్పేశాడు. బ్రెయిలీ చుక్కల మధ్య ఎడం సుమారు 2.5 మి.మీ., ఎత్తు సుమారు 0.5 మి.మీ. ఉండటం ఊరికే కాదు. వేలికొన విడదీయగల హద్దు సుమారు 1 మి.మీ., హాయిగా చదవాలంటే ఇంకాస్త కావాలి.

అంటే కంటితో పోలిస్తే వేలు పదిరెట్లు మొరటు. 1/200లో వేలి హద్దు అసలు బిల్డింగ్ మీద 20 సెం.మీ. ఇప్పుడు మెట్లు చూడండి. మామూలుగా ఒక మెట్టు ఎత్తు 15 సెం.మీ., వెడల్పు 30 సెం.మీ. అనుకుంటే, 1/200లో అవి 0.75, 1.5 మి.మీ. అవుతాయి. కంటికి చక్కటి మెట్లు. వేలికి గరుకు ర్యాంపు. రోజూ ఎక్కే మెట్లే అతనికి ఆ బిల్డింగ్‌లో బాగా తెలిసిన భాగం. అవే మోడల్‌లో గుర్తుపట్టలేకపోతే మిగతాది నమ్మేదెలా?

దీనికి ఆర్కిటెక్టుల పాత అలవాటు పనికొచ్చింది. మొత్తం బిల్డింగ్ ఒక స్కేల్‌లో, ముఖ్యమైన భాగం పెద్ద స్కేల్‌లో గీస్తారు కదా. అలాగే ముందుభాగం 1/200లో, కొన్ని మెట్లు, కమాను అంచు ఉన్న ముక్క 1/50లో చేశాను. 1/50లో మెట్టు 3 మి.మీ. ఎత్తు, 6 మి.మీ. వెడల్పు. వేలు మెట్టు మెట్టుకీ ఆగుతుంది. చెక్కడం పని కూడా అంతే. రాతిలో 5 సెం.మీ. ఉబ్బు 1/200లో 0.25 మి.మీ., వేలికి అది డిజైన్‌లా కాకుండా మురికిలా తగులుతుంది. అందుకని అక్కడ నున్నగా వదిలేసి, 1/50 ముక్కలో 1 మి.మీ. ఎత్తున పెట్టాను.

ఇంకో ఆశ్చర్యం ఏంటంటే, ఆకారాలు విడదీయడంలో మొరటు అయిన వేలు గరుకుతనం పట్టడంలో మాత్రం మహా చురుకు. 3డి ప్రింట్ మీద 0.2 మి.మీ. లేయర్ గీతలు షెల్ఫులో పెయింట్ కింద దాగిపోతాయి. వేలికి అవి గోడ నిండా అడ్డగీతలు. "ఈ గోడకి నిజంగనే గీతలుంటయా అన్నా?" అని టెస్ట్ స్ట్రిప్ పక్క అంచు తడిమి అడిగాడు. ఫొటోలో నాయిస్ లాంటిది ఇది, చెప్పాల్సిన సమాచారాన్ని మింగేస్తుంది. అందుకే ముందుభాగాన్ని పడుకోబెట్టి, ముఖం పైకి వచ్చేలా ప్రింట్ చేశాను, స్లైసర్‌లో ఐరనింగ్ ఆన్ చేశాను, తర్వాత 220, 400, 800 నంబర్ గరుకు కాగితాలతో నీళ్లు పోసి రుద్దాను. ఆ రుద్దుడే రెండు ఆదివారాలు పట్టింది. అప్పుడు గరుకుతనాన్నే కోడ్‌లా వాడుకోవచ్చు: నున్నగా ఉంటే గోడ, లోపలికి వెళ్తే తలుపు లేదా కిటికీ, గరుకు కాగితం అంటిస్తే ముందున్న నేల.

చేతిలో నలిగే మోడల్ కాబట్టి ఇంకొన్ని రూల్స్ పెట్టుకున్నాను. 3 మి.మీ. కంటే సన్నగా నిలబడేది ఏదీ ఉండకూడదు, విరుగుతుంది. మొనలు గుండ్రం చేయాలి. పీఠం బరువుగా ఉండాలి, నేను షాబాద్ బండ ముక్క ఒకటి అంటించాను. ముందు వైపు ఏదో తెలియడానికి పీఠం అంచులో ఒక గాడి. కొద్దిగా చూపున్నవాళ్లకీ పనికొచ్చేలా గోడ లేత రంగు, తలుపులు, కిటికీలు ముదురు రంగు. భారతి బ్రెయిలీలో తెలుగు లేబుల్ అతనే స్లేట్, స్టైలస్‌తో ప్లాస్టిక్ షీటు మీద పొడిచి ఇచ్చాడు. ఎఫ్‌డీఎంలో పడుకోబెట్టి ప్రింట్ చేసిన బ్రెయిలీ కంటే అదే శుభ్రంగా ఉంది.

మొదటిసారి చేతిలో పెట్టినప్పుడు మెట్ల దగ్గర మొదలుపెట్టి, కమాను లోపలి అంచు పట్టుకుని పైదాకా వెళ్లి ఆగాడు. "గింత ఎత్తా? మరి నేనెంతుంట దీంట్ల?"

ఆ ప్రశ్న కోసం ముందే ఒక మనిషి బొమ్మ పెట్టాను. 1/200లో 170 సెం.మీ. మనిషి 8.5 మి.మీ. పుల్ల. చూపున్నవాళ్లకి అది అలంకారం. అతను దాన్ని రెండు వేళ్లతో కొలిచి, అదే కొలతని కమాను పక్కన ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ పైకి వెళ్లాడు. తర్వాత 1/50 ముక్క తీసుకుని, అందులోని 34 మి.మీ. మనిషిని పట్టుకుని, "గిది నేను" అన్నాడు. స్కేల్ అంటే ఏంటో అంతకంటే క్లియర్‌గా నేను ఎవరికీ వివరించలేను.

మరి ఏం కొనాలి?

మొదట డిజిటల్ వెర్నియర్ కాలిపర్. కొన్ని వందల్లో దొరుకుతుంది. ఏ ప్రింటర్ కంటే ముందు ఇదే కొనండి.

తర్వాత స్టీల్ స్కేలు, కటింగ్ మ్యాట్, కట్టర్, గరుకు కాగితాలు. ప్రింటర్ లేకపోయినా ఫ్లెక్స్ షాపుల్లో మిగిలిన సన్‌బోర్డు ముక్కలతో మంచి బిల్డింగ్ మోడల్ చేయొచ్చు. అసలు మొదటి ప్రయత్నానికి జిగురు అక్కర్లేని గన్‌ప్లా కిట్ ఒకటి చేసి చూడండి. మీకు ఓపిక ఉందో లేదో అప్పుడే తెలిసిపోతుంది.

బిల్డింగులు, రైళ్ల పరిసరాలు, ముట్టుకునే మోడల్స్ చేయాలంటే మామూలు ఎఫ్‌డీఎం ప్రింటర్, దాంతో 0.2, 0.4 నాజిల్స్ సరిపోతాయి. పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో పూర్తయిన మోడల్‌ని ఎండలో ఆపిన కారులో వదిలేసి వెళ్లకండి.

1/35 మనుషులు, ముఖాలు, చిన్న మెషీన్ భాగాలు మీ టార్గెట్ అయితే రెసిన్. దాంతో పాటు గ్లవ్స్, మాస్క్, కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గాలి ఆడే చోటు కూడా మీ బడ్జెట్‌లో ఉండాలి. ముగ్గురు పడుకునే షేరింగ్ రూమ్‌లో రెసిన్ ప్రింటర్ వద్దు, ఆ వాసన, ఆవిరి ఒంటికి మంచివి కావు.

కొనకుండానే ట్రై చేయాలంటే, బ్లూ లైన్ చివర రాయదుర్గం దగ్గర 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ ఉంది. తార్నాకలో ఎక్కితే మారే పనిలేకుండా ఒకే రైలు. ప్రింటర్లు, లేజర్ కటింగ్ మెషీన్లు అక్కడ ఉన్నాయి. వెళ్లేముందు ఎలా బుక్ చేసుకోవాలో వాళ్లనే అడగండి.

ఇక ప్రింటర్ స్పెక్ షీట్ ముందు కూర్చున్నప్పుడు ఒక కాగితం మీద మూడు నంబర్లు రాసుకోండి: మీ స్కేల్, చూసేవాళ్ల హద్దు (కంటికి 0.09, వేలికి 1 మి.మీ.), ప్రింటర్ హద్దు. చివరి రెండింటినీ స్కేల్‌తో గుణించండి. ప్రింటర్ హద్దు చూసేవాళ్ల హద్దుకి దగ్గరగా ఉంటే చాలు. అంతకు మించి పెట్టే డబ్బు గరుకు కాగితాలకీ పెయింట్‌కీ పెడితే మోడల్‌లో కనిపిస్తుంది, వేలికి తగులుతుంది.

ఆ రెండు ముక్కలూ ఇప్పుడు జూనియర్ హాస్టల్ రూమ్‌లో ఉన్నాయి. చూపున్న ఫ్రెండ్స్ కూడా కళ్లు మూసుకుని కమాను వెతుకుతున్నారట. వాడి తర్వాతి ఆర్డర్ తార్నాక మెట్రో స్టేషన్. ట్రాక్ రెడీమేడ్‌గా దొరుకుతుంది, లెక్క పైనే చేసేశాం. మెట్లు మాత్రం 1/87లో వేలికి అందుతాయో లేదో ముందు టెస్ట్ స్ట్రిప్ కొట్టి చూడాలి.